ఆయన అస్థికలు చర్చి గూట్లో పెట్టాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

ప్రశ్న: నా వయసు 63. మావారు పోయి ఎనిమిది నెలలైంది. మేం కథోలికులం. "నన్ను దహనం చేయండి, స్థలం కోసం పిల్లల్ని తిప్పలు పెట్టొద్దు" అని ఆయన ముందే చెప్పారు, అలాగే చేశాం. అస్థికల కలశం ఇప్పటికీ నా పడగ్గదిలోనే ఉంది. రోజూ దానితో నాలుగు మాటలు మాట్లాడితే గానీ నిద్ర పట్టదు. ఈమధ్య మా చర్చిలో కొలంబేరియం కట్టారు, గోడ పొడవునా చిన్న చిన్న గూళ్లు, ఒక్కోదానికి రాతి పలక. మావారిని అక్కడ ఉంచాలని నాకుంది. అబ్బాయేమో "నాన్నని గోడలో పెట్టి మూసేస్తావా, సముద్రంలో కలుపుదాం" అంటాడు. అమ్మాయి కొంచెం బూడిద లాకెట్లో పెట్టించుకుంటానంటోంది. మా వదిన గారికి (ఆయన అక్క, 78 ఏళ్లు) అసలు దహనమే పాపం, తమ్ముడు రేపు ఎలా లేస్తాడని ఒకటే ఏడుపు. ఇద్దరికి సరిపోయే గూళ్లు కొన్నే మిగిలాయని చర్చి ఆఫీసులో చెబుతున్నారు. మా ఇద్దరికీ కలిపి ఒకటి తీసేసుకుంటే ఈ గొడవ తేలిపోతుందా?

జవాబు: తేలదండి. గూడు తీసుకోవడం మంచి ఆలోచనే, నన్నడిగితే అదే చేయమంటాను. కానీ గొడవ తెంచుకోవడానికని హడావుడిగా సంతకం పెట్టేస్తే, రేపు మీ అబ్బాయి ఆ గోడ ముందు నిలబడిన ప్రతిసారీ నాన్న కంటే ముందు "అమ్మ నన్ను అడక్కుండా చేసింది" అన్నదే గుర్తొస్తుంది. ముందు ఎవరి బాధ ఏంటో విడదీసి చూద్దాం, గూడు సంగతి తర్వాత.

మీ వదిన గారితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆవిడ మాటని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకుంటున్నట్టు లేదు. ఆవిడ చిన్నప్పుడు విన్నదాంట్లో తప్పేం లేదు. శ్రీసభ, అంటే కథోలిక చర్చి, 1886లో దహనాన్ని నిషేధించింది. అప్పట్లో యూరప్‌లో దహనం కావాలని గట్టిగా వాదించినవాళ్లలో పునరుత్థానాన్ని, అంటే చనిపోయినవాళ్లు చివరి రోజున శరీరంతో తిరిగి లేస్తారన్న నమ్మకాన్ని, ఎగతాళి చేయడానికే ఆ పని చేసేవాళ్లూ ఉండేవారు, అందుకే అంత కఠినంగా వెళ్లారు. 1963లో ఆ నిషేధం తీసేశారు. విశ్వాసాన్ని కాదనాలన్న ఉద్దేశం లేకపోతే చేసుకోవచ్చన్నారు. 1983 నాటి చర్చి చట్టంలో కూడా ఖననాన్నే గట్టిగా సిఫారసు చేశారు గానీ దహనానికి అడ్డు చెప్పలేదు. 1963 నాటికి ఆవిడ బడికెళ్లే పిల్ల. ఆ వయసులో మనసులో నాటుకున్నది తర్వాత రోమ్ నుంచి ఒక కాగితం వచ్చిందని పోతుందా? మీరు వాదించకండి. ఫాదర్ గారిని ఒకసారి ఆవిడ దగ్గరికి తీసుకెళ్లి, విశ్వాసం కోసం మంటల్లో చనిపోయిన వేదసాక్షుల గురించి, సముద్రంలో మునిగిపోయినవాళ్ల గురించి చర్చి ఏం నమ్ముతుందో ఆయన నోటితోనే చెప్పించండి. మీరు చెబితే మరదలు తనని తాను సమర్థించుకుంటున్నట్టు ఉంటుంది. ఆవిడకి ఇంకో బాధ కూడా ఉందేమోనని నా అనుమానం: తమ్ముడి కోసం పూలు పట్టుకెళ్లి కూర్చుని ఏడవడానికి ఆవిడకి ఇప్పుడు ఒక చోటంటూ లేదు. మీ పడగ్గదిలోకి వచ్చి ఏడవలేదు కదా.

ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కలశం మీ గదిలో ఉన్నంతకాలం ఆయన దగ్గరికి రావాలనుకున్న ప్రతివాళ్లూ మీ గుమ్మం ఎక్కాలి, మీ వీలు చూసుకోవాలి, మీతో మాట బాగుండాలి. అబ్బాయికి మీ మీద కోపం వచ్చిన నెలలో తండ్రికి కూడా దూరమైపోతాడు. మీరు కావాలని చేస్తున్నది కాదు, కానీ జరుగుతున్నది అదే. చర్చిలో పెడితే ఎవరి టైం బట్టి వాళ్లు వెళ్తారు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

చర్చి నియమం కూడా అటువైపే ఉంది. 2016లో వాటికన్ ఇచ్చిన సూచనల ప్రకారం అస్థికలు పవిత్ర స్థలంలోనే ఉండాలి, అంటే సమాధుల తోటలోనో, చర్చిలోనో, దానికోసమే కేటాయించిన చోటనో. మామూలు పరిస్థితుల్లో ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకోరు. ఇది చదివి ఎనిమిది నెలలుగా ఏదో నేరం చేశానని టెన్షన్ పడకండి. కలశం ఇంట్లో పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక ఉండిపోయిన కుటుంబాలు మీదొక్కటే కాదు, ఆ సంగతి ఫాదర్లకీ తెలుసు. అయితే ఆ సూచనల్లో చెప్పిన ఒక కారణం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది: దగ్గరివాళ్ల తరం దాటిపోయాక చనిపోయినవాళ్లని మరిచిపోయే ప్రమాదం ఉంటుందని. మీ తర్వాత, మీ పిల్లల తర్వాత, ఎవరో మనవడి పెళ్లాం ఇల్లు మారుతూ అలమారా సర్దుతుంటే ఒక కలశం బయటపడుతుంది, అది ఎవరిదో చెప్పేవాళ్లుండరు, పారేయడానికి చేతులు రావు, ఉంచుకోవడానికి మనసొప్పదు. ఆ పరిస్థితి ఎవరికీ తేకపోవడం మంచిది.

ఇక అబ్బాయి. అస్థికలు గాలిలో గానీ, నేల మీద గానీ, నీళ్లలో గానీ చల్లడాన్ని కూడా ఆ సూచనలు ఒప్పుకోవు, కానీ ఈ రూల్ అతని ముందు పెట్టి లాభం లేదు, ఇంకా బిగుసుకుంటాడు. ఒక్కటే అడగండి: సముద్రంలో కలపమని నాన్న ఎప్పుడైనా అన్నారా? మీరు రాసినదాన్నిబట్టి ఆయన దహనం చేయమన్నారు గానీ ఆ తర్వాత ఏం చేయాలో చెప్పలేదు. చెప్పలేదంటే దాని అర్థం మీరంతా కలిసి తేల్చుకోవాలనే. అబ్బాయి చూడాల్సింది ఇంకొకటుంది. గూట్లో పెట్టినదాన్ని సరైన కారణం ఉంటే, చర్చి ఒప్పుకుంటే, పలక విప్పి వేరేచోటికి మార్చవచ్చు. సముద్రంలో కలిపాక ఐదేళ్లకి ఎవరి మనసు మారినా చేసేదేం లేదు. "గోడలో పెట్టి మూసేయడం" అన్న మాట అతను ఫొటో చూసో, మీరు చెప్పింది వినో అంటున్నట్టుంది. ఒక ఆదివారం పూజ అయ్యాక ఖాళీ గూడు ఒకటి తెరిచి చూపించమని ఆఫీసులో అడిగి అతన్ని తీసుకెళ్లండి. లోపల చెయ్యి పెట్టి చూస్తే, పక్క పలకల మీద పేర్లు చదివితే, అతని ఊహలో ఉన్న గోడ వేరు, ఇది వేరు అని అతనికే తెలుస్తుంది. తెలియకపోనూ వచ్చు. అప్పుడైనా చూసి కాదన్నాడు, చూడకుండా కాదు.

అమ్మాయి లాకెట్ విషయంలో చర్చి మాట స్పష్టం: అస్థికలని పంచుకోవడం, నగల్లో పెట్టించుకోవడం కుదరదు. 2023 డిసెంబరులో, ఇటలీలోని బొలోన్యా ఆర్చిబిషప్ అడిగిన ప్రశ్నకి జవాబుగా, ఒక సడలింపు మాత్రం ఇచ్చారు. చాలా కొద్ది భాగాన్ని, చనిపోయిన వ్యక్తి జీవితంలో ముఖ్యమైన చోట ఉంచాలని కుటుంబం కోరితే, దాన్ని చర్చి అధికారులు పరిశీలించవచ్చని. అది చోటు గురించి చెప్పింది, మెడలో గొలుసు గురించి కాదు. ఆయనకి నిజంగా అలాంటి చోటు ఏదైనా ఉంటే, అబ్బాయి సముద్రం సముద్రం అనడం వెనక కూడా అలాంటిదే ఏదో ఉంటే, ఫాదర్ గారిని అడగడంలో తప్పు లేదు, బిషప్ గారి దాకా వెళ్లాల్సి రావచ్చు. అమ్మాయికి మాత్రం ఆయన ఉంగరమో, కళ్లజోడో, రోజూ పెట్టుకున్న వాచీయో ఇచ్చేయండి. అస్థికలు అనగానే మెత్తటి బూడిద అనుకుంటారు, కానీ అది గరగరలాడే ఎముకల పొడి, పెద్దవాళ్లదైతే రెండు మూడు కిలోలు ఉంటుంది. దాన్ని తెరిచి చెంచాతో తీసే పని అమ్మాయి చేతుల మీదుగా జరగాలని మీకుందా? నాకైతే లేదు.

ఇప్పుడు ఆ డబుల్ గూడు. "కొన్నే మిగిలాయి" అన్నది నిజమే కావచ్చు. అయినా ఒకటి మీ పేరు మీద కొన్ని వారాలు ఆపమని రాతపూర్వకంగా అడగొచ్చు, సాధారణంగా కాదనరు. ఈలోగా ఒక టేపు పట్టుకెళ్లి గూడు లోపలి వెడల్పు, ఎత్తు, లోతు కొలవండి. ఇంట్లో ఉన్న కలశాన్ని కూడా, ముఖ్యంగా పిడులుంటే పిడులతో సహా, దాని మూతతో సహా కొలవండి. ఇద్దరికని చెప్పి అమ్మే గూట్లో మీ దగ్గరున్న కలశం ఒక్కటే పట్టి రెండోదానికి చోటు చాలకపోతే, చివరికి అస్థికలు వేరే పెట్టెలోకి మార్చాల్సి వస్తుంది. కొన్ని చర్చిలు తాము చెప్పిన కొలతల పెట్టెనే ఒప్పుకుంటాయి. వరస కూడా చూసుకోండి. కిందిది చవగ్గా వస్తుంది గానీ 78 ఏళ్ల వదిన గారు వంగి పేరు తడమగలరా? కంటి ఎత్తులో ఉన్నదానికి ఎక్కువ అడిగితే, వీలున్నంతలో అక్కడ రాజీపడకండి.

పేర్ల పలక గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. డబుల్ గూటికి చాలాచోట్ల ఇద్దరి పేర్లూ ఒకేసారి చెక్కేస్తారు. మీ పేరు, మీరు పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ గీత తర్వాత ఖాళీ. మావారి పక్కన నా చోటు నాకుంది అని దాన్ని చూసి స్థిమితపడేవాళ్లుంటారు. అదే చూసి వారం రోజులు అన్నం సహించనివాళ్లూ ఉంటారు. మీరు ఏ రకమో మీకే తెలుసు, కానీ ఎనిమిది నెలల దుఃఖంలో తెలియకపోవచ్చు కూడా. కాబట్టి గూడు ఇద్దరికీ తీసుకున్నా ప్రస్తుతానికి ఆయన పేరొక్కటే చెక్కమనండి, మీది తర్వాత వేసేలా పలకలో చోటు వదలమనండి. మీకింకా 63 ఏళ్లే.

రోజూ రాత్రి ఆ కలశంతో మాట్లాడతానన్నారు. పైన గుమ్మం సంగతి మిగతావాళ్ల కోసం చెప్పాను గానీ, అది తీసేశాక ఆ గది ఎలా ఉంటుందోనన్న భయం మీ ఉత్తరంలో ప్రతి లైన్లోనూ ఉంది. తొందరపడకండి. ముందే ఒక తేదీ అనుకోండి. నవంబరు 2న, మృతుల స్మరణ దినాన చేస్తే ఎలాగూ అందరూ చర్చికి వస్తారు. వర్ధంతి రోజైనా సరే. అప్పటిదాకా కలశం మీ దగ్గరే ఉండనీయండి. ఆ రోజు దాన్ని ఇంటి నుంచి తీసుకెళ్లేది ఎవరు, గూట్లో పెట్టేది ఎవరు, ప్రార్థనలో బైబిల్ చదివేది ఎవరు, ఇవన్నీ ముందే పంచండి. వదిన గారికి చదివే పని ఇవ్వండి. మొదటి కొన్ని రాత్రులు అమ్మాయిని మీ దగ్గర పడుకోమనండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. మాటలు ఆపక్కర్లేదు, ఫొటోతో మాట్లాడండి.

ఒప్పంద పత్రం మాత్రం నిదానంగా చదవాలి. అక్కడ మీరు కొంటున్నది సాధారణంగా గోడలో వాటా కాదు, ఆ గూడు వాడుకునే హక్కు. ఆ హక్కు శాశ్వతమా, కొన్నేళ్లకా? గడువుంటే అది అయిపోయాక అస్థికలని ఏం చేస్తారు, సమాధుల తోటలో అందరితో కలిపి పెడతారా, మీ వాళ్లకి ముందు కబురు చేస్తారా? తెరవడానికి, మూయడానికి, పేరు చెక్కడానికి విడిగా ఎంత? మీ తర్వాత ఆ హక్కు ఎవరి పేరు మీద ఉంటుంది, పిల్లలిద్దరూ కలిసి సంతకం పెడితేనే తెరుస్తారా, ఒక్కరు చాలా? అడగడానికి ఇబ్బందిగా ఉన్నా తప్పక అడగాల్సింది ఇంకోటి, చర్చే మూతపడినా, పక్క విచారణతో (పారిష్‌తో) కలిపేసినా, భవనం అమ్మేసినా ఆ గూళ్ల సంగతేంటని. ఇవన్నీ జరిగేవే. మంచి ఒప్పందంలో దీనికి ఒక పేరా ఉంటుంది, లేకపోతే రాయించండి. వారం మధ్యలో చర్చి తాళం వేసి ఉంటే లోపలికి ఎలా వెళ్లాలో కూడా కనుక్కోండి, లేకపోతే ఇందాక నేను చెప్పిన "ఎవరి పర్మిషనూ అక్కర్లేదు" అన్నది ఉత్తమాటే అవుతుంది.

రేపు ఆఫీసుకి ఫోన్ చేసి ఆ పత్రం కాపీ ఒకటి తెప్పించుకుని, సంతకం పెట్టకుండా మీ అబ్బాయి చేతిలో పెట్టండి. ఇందులో ఏం లోపాలున్నాయో చెప్పమని అడగండి. ఈ విషయంలో ఇప్పటిదాకా అతన్ని ఎవరూ అభిప్రాయం అడిగినట్టు లేరు, పైగా తప్పులు పట్టే మూడ్‌లో ఎలాగూ ఉన్నాడు.