గుడ్డు పొరటుతో షుగర్ పెరగదు, పక్కనున్న అన్నంతోనే పేచీ

ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఇది: "అన్నయ్యా, షుగర్ పెరగకుండా, ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో అయిపోయే కూర ఏదైనా చెప్పు." కూరగాయలు దండిగా వేసిన కోడిగుడ్డు పొరటు చేసుకోమంటాను.

గ్లైసెమిక్ ఇండెక్స్ అనేది పిండిపదార్థాలున్న తిండి రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే కొలత. గ్లూకోజు 100 అయితే, 55 దాకా తక్కువ, 70 నుంచి ఎక్కువ. గుడ్డులో పిండిపదార్థం ఒక గ్రాము కూడా ఉండదు కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదనే చెప్పాలి. క్యాబేజీ, క్యాప్సికం, పాలకూర, పుట్టగొడుగుల్లోనూ చాలా తక్కువే. బంగాళాదుంప మాత్రం వేయకండి. సీసాల్లో దొరికే తీపి సాసులు, కెచప్ కూడా వద్దు. వాటిలో చక్కెర ఎంతుందో లేబుల్ తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇద్దరికి నాలుగు గుడ్లు, మూడు కప్పుల కూరముక్కలు సరిపోతాయి. లోతు గిన్నె కాదు, వెడల్పు పెనం పెట్టండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరికి ఉడికి నీళ్లోడతాయి, ఆ నీళ్లలో గుడ్డు వేస్తే పొరటు కాదు, పులుసు అవుతుంది. ఉప్పు కూడా ముందే వేయకండి, అది నీళ్లు లాగేస్తుంది. ఫ్రోజెన్ ముక్కలైతే కరగనివ్వకుండా నేరుగా వేడి పెనంలో వేసి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద నీరు ఇగిరేదాకా వేయించాలి. వాటిలో చాలావాటిని ఫ్రీజ్ చేసే ముందే కాస్త ఉడికిస్తారు, కాబట్టి ఎక్కువసేపు అక్కర్లేదు. తాలింపులో ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగి పక్కింటివాళ్లు తలుపు తడతారు. ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి.

ముక్కలు పొడిగా అయ్యాక పక్కకు జరిపి, ఖాళీలో చెంచాడు నూనె వేసి, ఉప్పు, పసుపు, మిరియాలపొడి కలిపి గిలక్కొట్టిన గుడ్లు పోయండి. అంచులు గట్టిపడేదాకా కదపకండి. అప్పుడు అట్లకాడతో పెద్ద పెద్ద మడతలుగా తిప్పితే మెత్తని ముక్కలొస్తాయి, గబగబా కలిపితే రవ్వలా పొడైపోతుంది. కరెంటు పొయ్యి కట్టేసినా కాయిల్ వేడి వెంటనే తగ్గదు, గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది. అందుకని గుడ్డులో పచ్చి తేమ పోగానే పెనాన్ని పక్క బర్నర్ మీదకు మార్చేయండి.

ఇక అసలు సంగతి కంచంలో ఉంది. కూర ఎంత బాగా చేసినా, దాంతో కుండెడు తెల్లన్నం లాగిస్తే ఫలితం ఏముంది? కూర సగం ముందు తినేసి, తర్వాత అన్నం కొద్దిగా కలుపుకోండి. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని, అన్నం లాంటివి చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం అన్నం ఒక్కసారిగా మానేయకండి, షుగర్ పడిపోయే ప్రమాదముంది. డాక్టర్‌తో మాట్లాడి మోతాదు చూసుకోండి.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు ఆఫీసు మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద వేడిచేసుకుంటే గుడ్డు రబ్బరులా సాగదు.