మిర్చి ధర చెప్పే బాట్‌ను రెజ్యూమేలో పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది పల్నాడు జిల్లా. డిప్లొమా కంప్యూటర్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మేం మిర్చి వేస్తాం. గుంటూరు యార్డు ధరలను నెట్ నుంచి తెచ్చి చూపించే టెలిగ్రామ్ బాట్‌ను (మెసేజ్‌కు తానే జవాబిచ్చే ప్రోగ్రాం) పైథాన్‌లో రాశాను. ల్యాప్‌టాప్‌లోనూ కాలేజీ కంప్యూటర్‌లోనూ నడిపితే అది పిచ్చిగా ప్రవర్తిస్తోంది. నాన్న రెండు రోజులు చూసి మానేశారు. క్లాసులో వాళ్లేమో ఇది యూట్యూబ్ ప్రాజెక్టు, ఏఐ వచ్చాక దీన్నెవరు చూస్తారు అంటున్నారు. ఇంట్లో బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ మీద దృష్టి పెట్టమంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ చాట్‌బాట్ కోర్సుకు 40 వేలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అట. ఏం చేయమంటారు? కోడ్ కూడా పంపుతున్నాను.

జవాబు: ముందు ఒక అర్జెంటు పని. నువ్వు పంపిన కోడ్‌లో నీ బాట్ టోకెన్, అంటే దాని తాళంచెవి లాంటి రహస్య కోడ్, అలాగే ఉంది. ఇది చదవడం ఆపి, టెలిగ్రామ్‌లో టోకెన్లు ఇచ్చే బాట్‌ఫాదర్ దగ్గరికి వెళ్లి దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకో. ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వాళ్లదే. నీ బాట్ పేరుతో మీ ఊరివాళ్లకు ఏ మెసేజైనా పంపేయొచ్చు. కొత్త టోకెన్‌ను కోడ్‌లో రాయకుండా, కోడ్ బయట కంప్యూటర్ సెట్టింగుల్లో ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకో. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ఎక్కించాక ఆ లైను చెరిపేశాను కదా అనుకుంటారు చాలామంది. పాత కమిట్లలో, అంటే ముందు దాచిన కోడ్ ప్రతుల్లో, అది భద్రంగా ఉంటుంది.

ఇక నీ స్నేహితుల మాట. సగం నిజమే. మెసేజ్ రాగానే ఒక పేజీ తెరిచి, అందులోంచి ఒక అంకె తీసి, తిరిగి పంపడం వరకు చూస్తే అది యాభై లైన్ల పని. అలాంటి రెజ్యూమేలు కంపెనీలకు కుప్పలుగా వస్తాయి. నన్ను ఆపింది మాత్రం నీ ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసిన ఒక వాక్యం: 'నాన్న రెండు రోజులు చూసి మానేశారు.' ఎందుకు మానేశారో అడిగావా?

అడగలేదనుకుంటా. నీ కోడ్ చదివాక కారణం నాకు కొంత తెలిసింది. నీ బాట్ 'తేజ: కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత' అని ఆ మిర్చి రకం ధర చెబుతుంది, అది ఏ రోజు ధరో చెప్పదు. యార్డుకు సెలవైతే కొత్త ధర రాదు. అప్పుడు నీ ప్రోగ్రాం కిందటి ధరనే ఇవాళ్టిది అన్నట్టు చూపిస్తోంది. ఆ అంకె నమ్మి రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) బండికెత్తి గుంటూరు వెళితే కిరాయి ఎవరిస్తారు? రెండోది, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య వేల రూపాయల తేడా ఉంటుంది. నాణ్యమైన కాయకూ రంగు చెడిన కాయకూ ఒక ధర పలకదని నీకంటే మీ నాన్నగారికి బాగా తెలుసు. తన సరుకు ఆ రెండు అంకెల మధ్య ఎక్కడుందో చెప్పని బాట్ ఆయనకెందుకు? అందుకే ప్రభుత్వ లెక్కల్లో మోడల్ ధర అని మూడో అంకె ఇస్తారు, అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. దాన్ని నువ్వు వదిలేశావు.

మూడోది చూసి నవ్వొచ్చింది. సైటువాళ్లు టేబుల్ మార్చినట్టున్నారు, ధర గడి ఖాళీగా వస్తోంది, నీ బాట్ దాన్ని సున్నాగా చూపిస్తోంది. సర్వర్ 200 అని, అంటే పేజీ ఇచ్చేశానని, జవాబిచ్చింది కాబట్టి అంతా బాగుందనుకుంది నీ ప్రోగ్రాం. పేజీ వచ్చిందన్నంత మాత్రాన ధర వచ్చినట్టు కాదు. వచ్చింది అంకేనా, నిన్నటి ధరకు దగ్గరగా ఉందా, తేదీ ఇవాళ్టిదేనా అని చూసుకున్నాకే చూపించాలి. ఏది తేడాగా ఉన్నా 'ఇవాళ్టి ధర ఇంకా రాలేదు, చివరగా వచ్చింది ఫలానా తేదీది' అనాలి. ఇంటర్వ్యూలో నిన్ను అడిగేది ఇదే: 'సైట్ పడిపోతే నీ బాట్ ఏం చెబుతుంది?' దీనికి నిదానంగా జవాబు చెప్పగలిగిన కుర్రాణ్ని నేనైతే తీసుకుంటాను.

డేటా ఎక్కడి నుంచి తెస్తున్నావన్నది కూడా చూశాను. ఒక ప్రైవేటు సైటును 30 సెకన్లకోసారి తెరుస్తున్నావు. అంటే రోజుకు 2,880 సార్లు, రోజుకొకసారి మారే ధర కోసం! వాళ్లు నీ ఐపీని (నెట్‌లో నీ చిరునామాను) అడ్డుకున్నా తప్పుపట్టలేం. కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్‌లో అగ్‌మార్క్‌నెట్ (వ్యవసాయ మార్కెట్ల సమాచార వ్యవస్థ) రోజువారీ మార్కెట్ ధరలు ఏపీఐ రూపంలోనే, అంటే ప్రోగ్రాం నేరుగా అడిగి తీసుకునేలా, దొరుకుతాయి. రిజిస్టర్ చేసుకుని సొంత కీ తీసుకో. నమూనా కీతో అయితే ఒకసారికి పది వరుసలే వస్తాయి. మార్కెట్, రకం, తేదీ, క్వింటాల్ లెక్కన మూడు ధరలు, అన్నీ ప్రోగ్రాం సులువుగా చదివే జేసన్ రూపంలో అందుతాయి, వెబ్ పేజీ హెచ్‌టీఎంఎల్ తవ్వే బాధ ఉండదు. ప్రతి యార్డు ప్రతి రోజూ వివరాలు పంపదు, కాబట్టి పైన చెప్పిన తేదీ గొడవ ఇక్కడా తప్పదు. రోజుకు రెండు మూడు సార్లు తెచ్చి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచుకో, అడిగినవాళ్లకు అక్కడి నుంచే ఇవ్వు. ఆరు నెలలు దాచితే నీ దగ్గర ఒక సీజన్ ధరల చరిత్ర ఉంటుంది.

ఏపీఐ లేని సైటైతే ముందు దాని నిబంధనలు, ప్రోగ్రాంలు ఏ పేజీలు తెరవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు చదువు. లాగిన్ వెనక ఉన్నవి, ఇతరుల హాల్‌టికెట్ నంబర్లు వేసి లాగే మార్కులు, వీటి జోలికి పోకు. అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా లాగడం గురించి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ ఉంది. సరదాకి చేశానంటే వినరు.

ల్యాప్‌టాప్‌లోనూ కాలేజీ కంప్యూటర్‌లోనూ నడిపితే బాట్ పిచ్చిగా ప్రవర్తిస్తోందని రాశావు. ఒకే టోకెన్‌తో రెండు చోట్ల నుంచి అప్‌డేట్లు అడిగితే టెలిగ్రామ్ 409 అనే ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. ఒకచోటే నడుపు. మరో చిన్న ముచ్చట, ఏ ట్యుటోరియల్‌లోనూ నాకు కనిపించలేదు. బటన్ వెనక పెట్టే సమాచారానికి టెలిగ్రామ్ ఇచ్చేది 64 బైట్లే. తెలుగులో ఒక్కో అక్షరానికీ ఒక్కో గుణింతపు గుర్తుకూ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లు పడతాయి. 'గుంటూరు' అన్న మాటకే 21 అయిపోతాయి. అందుకే బటన్ మీద తెలుగు పేరు రాసి, వెనకాల మార్కెట్‌కు ఒక నంబరు పెట్టుకో. ఇలాంటివి తెలిశాయంటే నువ్వు నిజంగా చేశావని ఎదుటివాడికి అర్థమవుతుంది.

నాన్నగారు టెలిగ్రామ్ వాడరు, వాట్సాప్‌లో పెడతానంటావేమో. ఆలోచన మంచిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. కానీ అక్కడ అధికారిక దారి మెటా బిజినెస్ ఖాతాతో మొదలవుతుంది. మనిషి చివరి మెసేజ్ పంపి 24 గంటలు దాటితే, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే పంపాలి, వాటికి డబ్బు కట్టాలి. అనధికార కోడ్ లైబ్రరీలతో చేస్తే నంబరే బ్లాక్ కావచ్చు. ఇంట్లో వాళ్ల నంబర్ మీద ఆ ప్రయోగం వద్దు.

ఏఐ సంగతి. ఎంత పెద్ద ఏఐ మోడల్‌నైనా ఇవాళ గుంటూరులో తేజ ఎంత పలికిందని అడిగి చూడు. బయటి నుంచి తెచ్చి ఇచ్చేది లేకపోతే దానికి తెలియదు, ఒక్కోసారి తెలిసినట్టు చెప్పేస్తుంది కూడా. ఆ తెచ్చి ఇచ్చే ఫంక్షన్ నువ్వు రాస్తున్నదే. యాభై లైన్ల కోడ్‌ను ఏఐ నిమిషంలో రాసిస్తుంది, నిజమే. యార్డుకు సెలవని, మోడల్ ధర ముఖ్యమని దానికి చెప్పేది ఎవరు?

ఉద్యోగాల దగ్గర నిన్ను మభ్యపెట్టను. 'చాట్‌బాట్ డెవలపర్' అనే పేరుతో ఫ్రెషర్లకు ఖాళీలు తక్కువ. నువ్వు నేర్చుకున్నది బ్యాకెండ్, ఏపీఐ టెస్టింగ్, ఆటోమేషన్, డేటా పనుల్లోకి దారితీస్తుంది. అందుకు నీకు లోటుగా ఉన్నవి ఎస్‌క్యూఎల్, గిట్, లినక్స్. వీటికి 40 వేలు అక్కర్లేదు. గ్యారంటీ అన్న ఇన్‌స్టిట్యూట్‌ను ఒక్కటే అడుగు: ఉద్యోగం రాకపోతే ఫీజు తిరిగిస్తామని కాగితం మీద రాసి సంతకం పెడతారా? జవాబు ఏమొస్తుందో నాకు తెలుసు, నువ్వూ విను.

ఈసెట్ విషయంలో మీ ఇంట్లోవాళ్లే కరెక్ట్. డిప్లొమాతో చిన్న కంపెనీల్లో చేరొచ్చు కానీ చాలా కంపెనీల వడపోతలో డిగ్రీ లేకపోతే బాట్ గురించి చెప్పే వరకే రానివ్వరు. ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతావు. 200 మార్కుల్లో 100 నీ బ్రాంచివే, 50 లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25. డిప్లొమా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది లెక్కల్లో, కెమిస్ట్రీలో. పరీక్ష అయ్యేవరకు బాట్‌కు ఆదివారం రెండు గంటలు చాలు. ఈ ఆదివారం తేదీ, మోడల్ ధర కలిపి పంపేలా మార్చి నాన్నగారికి ఇవ్వు. వారం తర్వాత ఆయన ఇంకా చూస్తున్నారో లేదో, మానేస్తే ఏమన్నారో నాకు రాయి.