అత్తమ్మ బోర్లా పడుకోబెడుతోంది, నాకు కన్ను మూతపడటం లేదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 23 ఏళ్లు, తొలి కాన్పు. బాబు పుట్టి 24 రోజులైంది. పుట్టినప్పుడు రెండు కిలోల మూడు వందల గ్రాములున్నాడు. ఇప్పుడు తల్లిగారింట్లో ఉన్నాను. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేస్తే కల్వకుర్తి దిక్కు నుంచి మా అత్తమ్మ వచ్చి, ఇక్కడే ఆగింది. వెల్లకిలా ఉంటే పిల్లవాడు ఉలిక్కిపడుతున్నాడని, పాలు కక్కితే గొంతుకు అడ్డం పడతాయని బోర్లా పడుకోబెడుతుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల మెత్త పెట్టింది. పక్కలకు ఇంకో రెండు చిన్న మెత్తలు, పైన బొంత, రాత్రి చలికి గదిలో కుంపటి. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలని చెప్పి పంపింది. ఆ మాట అంటే అత్తమ్మ "నేను నలుగురిని పెంచలేదా బిడ్డా?" అని కండ్లనీళ్లు పెట్టుకుంది. మా ఆయన పెద్దల మాట వినమంటాడు. అమ్మ వియ్యపురాలికి ఎదురు చెప్పలేక ఊకుంటోంది. నేను రాత్రంతా బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుంటున్నా. నాది ఉత్త భయమేనా?

జవాబు: ఉత్త భయం కాదమ్మా. నర్సమ్మ చెప్పిందే సరైన మాట. ఇది చదవడం ఆపి ముందు రెండు పనులు చేయండి. కుంపటిని ఇంటి బయట పెట్టించండి. బాబును వెల్లకిలా తిప్పండి. మిగతాది ఆ తర్వాత తీరుబాటుగా చదువుకోవచ్చు.

కుంపటి సంగతి ముందెందుకు చెప్పానంటే, అది ఇంట్లో అందరి ప్రాణాలకూ సంబంధించింది. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రగులుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పెద్దవాళ్లు కూడా నిద్రలో తెలియకుండానే పోతారు. బాలింత గదిలో కుంపటి వద్దే వద్దు. సాంబ్రాణి పొగ కూడా పసివాడి మీదికి రానివ్వకండి. ఇంట్లో బీడీ తాగేవాళ్లుంటే వాకిలి అవతలే తాగాలి, బట్టలు మార్చుకున్నాకే ఎత్తుకోవాలి.

ఇక మీ అత్తమ్మ విషయం. ఆమె చెప్పిన రెండు భయాలూ కల్పించుకున్నవి కావు. వాటికి జవాబు ఇవ్వకుండా "నర్సమ్మ చెప్పింది" అని మాత్రమే అంటే ఆమె మనసు మారదు.

మొదటిది, పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయం. నా దగ్గరికి వచ్చిన ఒక నాయనమ్మ కూడా ఇదే అడిగింది. టేబుల్ మీదున్న రెండు పెన్నులు తీసి, ఒకదాని మీద ఒకటి పట్టుకొని చూపించాను. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు పైపెన్ను గాలిగొట్టం, కిందిపెన్ను అన్నం దిగే గొట్టం. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే కింది నుంచి పైకి ఎదురెక్కాలి. పాలు అట్లా సులువుగా ఎక్కవు, బిడ్డ మింగేస్తాడు, లేదా దగ్గి బయటికి తోసేస్తాడు. ఇప్పుడు పెన్నులను తిప్పాను. బోర్లా పడుకుంటే అన్నం గొట్టం పైకి వస్తుంది, గాలిగొట్టం కిందికి పోతుంది. ఆ పెద్దమ్మ పెన్నులను తన చేతిలోకి తీసుకొని, తానే రెండుసార్లు తిప్పి చూసుకుంది. మీరూ మీ అత్తమ్మ ముందు రెండు అగ్గిపుల్లలు పట్టుకొని ఇట్లాగే చూపించండి. పాలు పట్టాక పది పదిహేను నిమిషాలు భుజాన వేసుకొని, తేన్పు వచ్చాక పడుకోబెడితే కక్కడం కూడా తగ్గుతుంది.

రెండోది ఉలికిపాటు. బోర్లా వేస్తే పిల్లవాడు కదలకుండా నిద్రపోతాడన్నది నిజమే. ఆమె కళ్లారా చూసిన సంగతే చెబుతోంది. చిక్కంతా అక్కడే ఉంది. పసివాళ్లకు ఊపిరి ఆడనప్పుడు మెలకువ వచ్చి, తల తిప్పుకొని, ఏడవగలగాలి. బోర్లా పడుకున్నప్పుడు నిద్ర గాఢమై ఆ మెలకువ రావడం కష్టమవుతుంది. ముక్కు పరుపుకు ఆని, తాను వదిలిన గాలినే తిరిగి పీల్చుకుంటాడు. తల ఎత్తేంత బలం మెడకు ఇంకా రాలేదు. ఏ జబ్బూ లేని పసికందులు నిద్రలోనే పోవడాన్ని డాక్టర్లు సడెన్ ఇన్‌ఫెంట్ డెత్ సిండ్రోమ్ అంటారు. ఒకటో నెల నుంచి నాలుగో నెల దాకా ఆ ప్రమాదం ఎక్కువ. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇంకా ఎక్కువ. మీ బాబు రెండున్నర కిలోల కంటే తక్కువతో పుట్టాడు కాబట్టి ఈ విషయంలో మొహమాటం పనికిరాదని గట్టిగా చెబుతున్నాను. ఉలికిపాటు బాధిస్తుంటే పలుచని నూలు గుడ్డలో, ఛాతీ దగ్గర మీ వేళ్లు దూరేంత వదులుగా, కాళ్లు కదిలేటట్టు చుట్టండి. చుట్టినప్పుడు మాత్రం వెల్లకిలానే ఉండాలి.

"మేం పెంచలేదా?" అన్న మాటకు నేనిచ్చే జవాబు ఇది. ఆమె తప్పు చేయలేదు. ఒకప్పుడు విదేశాల్లో డాక్టర్లే పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని చెప్పేవారు. లెక్కలు తీసి చూశాక తప్పు తెలిసింది. 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం చేశారు. అమెరికాలో ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. డాక్టర్లే మాట మార్చుకున్నప్పుడు నాయనమ్మ మార్చుకోవడంలో చిన్నతనమేముంది? మీ ఆయనకు ఈ పేరా ఒక్కటి చదివి వినిపించండి. అత్తమ్మకు చెప్పాల్సింది ఆయనే. కోడలు చెబితే ఎదురుమాట అవుతుంది, కొడుకు చెబితే ఇంటి మాట అవుతుంది. "అమ్మా, నువ్వు పెంచబట్టే నేనింత వాడినైన. పిల్లగాడు బరువు తక్కువుండు, డాక్టరమ్మ ఎల్లెలకలనే పండబెట్టమన్నది, ఏడాది నిండేదాకా గట్లనే చేద్దాం" అంటే సరిపోతుంది. అంతకు మించి వాదించొద్దు.

ఆవాల మెత్త గురించి రాయడానికి నాకు మనసొప్పడం లేదు. నా పెద్దబిడ్డకు మా అమ్మ తన నూలు చీర చింపి, ఆవాలు చెరిగి, ఎండబెట్టి, నాలుగంచులా చేత్తో కుట్టింది. అందులో ఎంత ప్రేముందో నాకు తెలుసు. కానీ దాని మీద పిల్లవాడి తల పెట్టి ఒక్క నిమిషం గమనించండి. తల దిగబడుతుంది, ఆవాలు పక్కలకు జరిగి చెంపల చుట్టూ చిన్న కట్టలా లేస్తాయి. పిల్లవాడు అటో ఇటో తల తిప్పితే ముక్కు ఆ కట్టకే ఆనుతుంది. ఏడాది నిండేదాకా ఏ మెత్తా వద్దు. తల గుండ్రం కావాలంటే ఒక నిద్రకు కుడివైపు, ఇంకో నిద్రకు ఎడమవైపు ముఖం తిప్పి పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు రెండు మూడుసార్లు, కొద్ది నిమిషాలు బోర్లా ఆడించండి. ఆ పని అత్తమ్మకే అప్పగించండి. బోర్లా వేయాలన్న ఆమె కోరికా తీరుతుంది, బాబు మెడకూ బలమొస్తుంది.

పక్క ఎట్లా ఉండాలంటే, దాని మీద బిడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. అరచేత్తో గట్టిగా నొక్కి తీయండి. చేతి గుంత అట్లాగే ఉండిపోతే ఆ పరుపు పనికిరాదు. నవారు మంచం, నులక మంచం నడుమ కుంగుతాయి, పిల్లవాడు దొర్లి పెద్దవాళ్ల కిందికి వస్తాడు. బండల మీద చాప వేసి, దాని మీద గట్టి పలుచని పరుపు పరిచి, దుప్పటి అంచులు కిందికి మడిస్తే చాలు. మీ పక్క దానికి చేయి చాపేంత దూరంలో ఉండాలి. గది ఒకటే, పక్కలు వేరు. దోమతెర గొడుగు వాడండి, కానీ దాంతో పాటు వచ్చే బుజ్జి మెత్తలు తీసి అటకెక్కించండి. మెడలో నల్లదారం ఉంటే తీసి కాలికి కట్టండి. దిష్టి కాలి దారంతో కూడా పోతుంది.

చీర తొట్టెల మాట కూడా రావచ్చు. పాలమూరు నుంచి మట్టిపనికి పోయిన తల్లులు చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను ఊపేవారు. కింద తేళ్లు, చీమలు, ఎండ, వేరే దారి లేదు. మీకు దారి ఉంది. చీరలో నడుము వంగి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరి దారి ఇరుకవుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, తాడు మీద మనిషి చేయి ఉన్నప్పుడు ఊపితే ఊపండి. నిద్రలోకి జారగానే తీసి సమంగా ఉన్న పక్క మీద వేయండి.

చలి సంగతి అత్తమ్మ ఊరికే అనలేదు. తక్కువ బరువు బిడ్డ నిజంగానే తొందరగా చల్లబడతాడు. బొంత దానికి మందు కాదు, అది ముఖం మీదికి జారుతుంది. మీరు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ తొడగండి. చేతులు కాదు, ఛాతీ, మెడ వెనక ముట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చెమట పట్టిందంటే ఎక్కువైనట్టు. అన్నిటికంటే మంచిది కంగారూ పద్ధతి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, పసికందులను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. బిడ్డకు లంగోటా, టోపీ, సాక్సులు తప్ప ఏమీ తొడగకుండా, మీ రొమ్ముల నడుమ నిటారుగా ఆనించుకొని, పైన చీరతో కట్టుకొని వెనక్కి వాలి కూర్చోవాలి. ముఖం పక్కకు, ముక్కు కనిపిస్తూ ఉండాలి. ఇది నాయనమ్మ కూడా చేయొచ్చు. తెల్లవారుజామున చలి ముదిరినప్పుడు మీరు రెండు గంటలు పడుకోండి, ఆమె మనవడిని గుండెకు కట్టుకొని మెలకువగా కూర్చుంటుంది. కుంపటి చేయలేని పని ఆమె ఒళ్లు చేస్తుంది. ఆ మాట ఆమెతో మీరే చెప్పండి.

ఎందుకంటే మీ నిద్ర కూడా ఈ జాగ్రత్తలో భాగమే. రెండు మూడు గంటలకోసారి పాలివ్వాలి, ఆ మధ్యన కాపలా కాస్తే మీ ఒళ్లు ఎట్లా ఓర్చుకుంటుంది? అలసిన తల్లి సోఫాలోనో కుర్చీలోనో పాలిస్తూ తూగడం చాలా ప్రమాదం. తూగు ముంచుకొచ్చేటట్టుంటే మెత్తలు, దుప్పట్లు తీసేసిన చాప మీద కూర్చొని పాలివ్వండి, మెలకువ రాగానే బాబును తన పక్క మీదికి మార్చండి. పక్క ఖాళీ చేసి, వెల్లకిలా వేసి, గది పొగ లేకుండా ఉంచాక మీరు చేయాల్సింది చేసినట్టే. ఇక బాబు ముక్కు దగ్గరి నుంచి వేలు తీసేయండి. బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, గుండె దడ, ఏడుపు తగ్గకపోతే మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఒకవేళ బాబు నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, పెదవులు నీలంగా మారినా ఆలోచించకుండా 108కి చేయండి.

ఇంకో నాలుగు రోజుల్లో 28వ దినం. ఆశా కార్యకర్త ఇంటికి రావాల్సిన రోజు అది, తర్వాత మళ్లీ 42వ రోజు వస్తుంది. మీ ఆయనను ఆ పూట ఇంట్లో ఉండమనండి. అత్తమ్మ ఎదుటనే బాబు బరువు తూచి, పక్క చూసి, ఎట్లా పడుకోబెట్టాలో ఆశా కార్యకర్త నోటితోనే చెప్పించండి.

మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తగారింటికి పోయేటప్పుడు ఈ గట్టి పరుపు, దోమతెర వెంట తీసుకుపోండి. అప్పటికి బాబు పక్కకు ఒరగడం మొదలుపెడతాడు. ఒరుగుతున్నాడని అనిపించిన రోజు నుంచే గుడ్డ చుట్టడం ఆపేయాలి. ప్రతి నిద్రకూ వెల్లకిలానే వేయండి. రెండు వైపులా తనంతట తానే తిరగడం వచ్చాక నిద్రలో బోర్లా తిరిగితే అట్లాగే వదిలేయొచ్చు.