ఆ అంకె కొలిచిందెవరు?

అంతరిక్ష ప్రయోగాల వార్తల్లో దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి అంటూ బెంగళూరు, చెన్నై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇస్రో ప్రయోగం ఉందంటే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండిపోతుంది. అందులో సగం అబద్ధాలని వాడే అంటాడు. అసలు వార్త కోసం ముందు ఎక్కడ చూడాలి?
– ఓ తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు ఇస్రో సొంత వెబ్‌సైటే చూడండి. అయితే మొదటి పేజీలో కనిపించే ప్రకటన చదివి ఆగిపోవద్దు. ప్రయోగం దగ్గరపడేసరికి దాని పేజీలో బ్రోచర్ పీడీఎఫ్ పెడతారు. ఏ దశ ఎన్నో సెకనులో మండుతుంది, ఎప్పుడు విడిపోతుంది, అప్పటికి ఎత్తెంత, వేగమెంత అని అందులో ఒక పట్టిక ఉంటుంది. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి పక్కన పెట్టుకుని లైవ్ చూడమనండి. వ్యాఖ్యాత ‘నార్మల్’ అన్న ప్రతిసారీ తెర మీది అంకెలు పట్టికతో కలుస్తున్నాయో లేదో మీ వాడే చూసుకుంటాడు. ఎత్తు పెరగాల్సిన చోట పెరగకపోతే మాట కన్నా ముందు తెర మీది గీతే చెబుతుంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశ మోటారులో పీడనం పడిపోయి ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. అలాంటి రోజున పట్టిక చేతిలో ఉంటే ఏ దశలో ఎన్నో సెకను దగ్గర తేడా వచ్చిందో తెలుస్తుంది. టీవీ స్టూడియోలో అరుపులు తప్ప ఏమీ తెలియదు.

లైవ్ కోసం యూట్యూబ్‌లో వెతక్కండి. ఇస్రో సైట్లో ఇచ్చిన లింకు నొక్కే వెళ్ళండి. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో ఛానెల్‌ను ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. అంతమంది పోగయ్యే చోటికి దొంగలూ వస్తారు. పాత ప్రయోగం వీడియోకి ‘లైవ్’ అని తగిలించి నడుపుతారు. అంతకన్నా ప్రమాదం, ప్రసారం మధ్యలో క్యూఆర్ కోడ్ పెట్టి క్రిప్టో డబ్బు రెట్టింపు చేస్తామనేవాళ్ళు. ఏ అంతరిక్ష సంస్థా లైవ్‌లో డబ్బు అడగదు. కోడ్ కనిపించిందా, ఆ ఛానెల్ మూసేయండి.

ఛైర్మన్ పేరుతో ఉండే ఖాతాలూ అంతే. 2019లో అప్పటి ఛైర్మన్ కె. శివన్ పేరు మీద ఎన్ని ఖాతాలు పుట్టాయంటే, ఆయనకు సొంత ఖాతాలేవీ లేవని ఇస్రోనే ప్రకటించాల్సి వచ్చింది.

ఇక ఫొటోలు. ప్రజ్ఞాన్ రోవర్ చక్రం చంద్రుడి మట్టిలో మూడు సింహాల ముద్ర వేసిందని తిరిగిన బొమ్మ మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. వెనక చక్రాల మీద ఆ ముద్ర, ఇస్రో గుర్తు చెక్కిన మాట నిజం. తిరిగిన ఫొటో మాత్రం ఎవరో కంప్యూటర్లో చేసిన కళ. సగం నిజం ఉన్న అబద్ధమే ఎక్కువ దూరం పోతుంది కదా. ఇలాంటిది వస్తే గూగుల్ లెన్స్‌లో వేసి మొదట ఎక్కడ కనిపించిందో చూడండి. ఇస్రో పేజీలో తేదీతో సహా దొరకకపోతే గ్రూపులో ముందుకు తోయకండి.

ప్రశ్న: ప్రయోగం ఫలానా రోజని పేపర్లో వస్తుంది, తర్వాత మారుతుంది. మా మేడ మీంచి చూద్దామని సెలవు పెడితే దండగవుతోంది. ఖాయమైన తేదీ ఎలా తెలుసుకోవాలి?
– ఓ ఇంజినీరు, పెరంబూరు, చెన్నై

జవాబు: ‘విశ్వసనీయ వర్గాల ప్రకారం’ అని వచ్చే తేదీకి సెలవు పెట్టకండి. విమానాలకిచ్చే హెచ్చరిక, అంటే నోటమ్, వచ్చిందా అని చూడండి. శ్రీహరికోట ప్రయోగాలకు చెన్నై గగనతలం కింద, వీఓఎంఎఫ్ అనే కోడ్‌తో వస్తుంది. ఓడలకు వేరే హెచ్చరిక ఉంటుంది. మన సముద్రాలకు అది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు నుంచి వస్తుంది.

నోటమ్‌లో సమయం పది అంకెలుగా ఉంటుంది. 2608151130 అని ఉందనుకోండి. 2026, ఎనిమిదో నెల, 15వ తేదీ, 11 గంటల 30 నిమిషాలు. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన టైముకి ఐదున్నర గంటలు కలపాలి, అంటే సాయంత్రం 5. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అర్ధరాత్రి దాటి తెల్లవారుజాము లోపు జరిగే ప్రయోగాలకైతే తేదీ కూడా మారిపోతుంది. నంబరు దగ్గర నోటమ్ఎన్ అంటే కొత్తది, ఆర్ అంటే పాతదాని బదులు ఇచ్చింది, సి అంటే రద్దు. సి చూడకుండా పాతదే షేర్ చేసేవాళ్ళు బోలెడు.

బంగాళాఖాతంలో మూసిన ప్రతి ప్రాంతమూ ఇస్రోది కాదు. ఒడిశా తీరం నుంచి జరిగే క్షిపణి పరీక్షలకూ నోటమ్‌లు వస్తాయి. శ్రీహరికోటదైతే లాంచర్ చుట్టూ 10 నాటికల్ మైళ్ళ వలయం మొదటి ప్రమాద మండలంగా ఉంటుంది. తర్వాతివి ఖాళీ దశలు పడే చోట్లు. ఆ చోట్లు దక్షిణంగా ఉంటే ధ్రువ కక్ష్యకు వెళ్ళేదని, తూర్పు వైపుంటే భూస్థిర బదిలీ కక్ష్యదని (పైనున్న భూస్థిర కక్ష్యకు వెళ్ళే ముందు మజిలీ) ఊహించవచ్చు.

నోటమ్ వచ్చినా అది హెచ్చరిక మాత్రమే, హామీ కాదు. తరచూ చాలా రోజుల కాలానికి కలిపి ఇస్తారు. ఆ రోజు గడియారం కూడా మారొచ్చు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష ప్రయోగం టీవీ-డీ1ను ఉదయం 8కి అనుకున్నారు. వాతావరణం వల్ల 8:45కి జరిపారు. తీరా 5 సెకన్లుందనగా కంప్యూటరే ఆపేసింది. చివరికి 10 గంటలకు ఎగిరింది. 2024 డిసెంబరు 30న ఉపగ్రహాలను అంతరిక్షంలో కలిపే స్పేడెక్స్‌ను రాత్రి 9:58 నుంచి 10 గంటల 15 సెకన్లకు జరిపారు.

మేడ మీంచి చూసేటప్పుడు ఫోన్లో లైవ్‌ని నమ్ముకోకండి. ప్రసారం అర నిమిషం దాకా వెనకబడొచ్చు. మీరు ‘జీరో’ విని తల ఎత్తేసరికి రాకెట్ చాలా ఎత్తుకు పోయి ఉంటుంది. ప్రకటించిన టైముకి ఉత్తరం వైపు చూస్తూ నిలబడండి. దగ్గర్నుంచి చూడాలంటే సూళ్ళూరుపేట వెళ్ళి షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) గ్యాలరీలో కూర్చోవచ్చు. షార్ సైట్లో ముందే పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. నమోదు తెరిచాక సీట్లు త్వరగా అయిపోతాయి.

ప్రశ్న: టీవీలో చప్పట్లు, స్వీట్లు. నాలుగు రోజులకు ఉపగ్రహం పని చేయడం లేదంటారు. మొదట చెప్పింది అబద్ధమా?
– ఓ రిటైర్డు ఉద్యోగి, యలహంక, బెంగళూరు

జవాబు: అబద్ధం కాదండీ. రాకెట్ పని వేరు, ఉపగ్రహం పని వేరు. బస్సు మిమ్మల్ని మెజెస్టిక్‌లో టైముకే దింపింది, అక్కడ పెట్టిన మీ స్కూటర్ మాత్రం స్టార్టవలేదు. 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15కి జరిగింది అదే. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. నావిగేషన్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02ను రాకెట్ సరిగ్గానే వదిలింది. కక్ష్య పెంచడానికి థ్రస్టర్లకు (చిన్న ఇంజిన్లకు) ఆక్సిడైజర్, అంటే ఇంధనాన్ని మండించే ద్రవం, వదిలే వాల్వులు తెరుచుకోలేదు. ఈ సంగతి ఇస్రోనే తన సైట్లో పెట్టింది. చప్పట్లు చూసినంత మంది ఆ పేజీ చూడలేదు, అంతే.

ఎవరూ చెప్పకముందే తెలుసుకోవాలంటే సెలెస్‌ట్రాక్ అనే సైటుంది. టి.ఎస్. కెల్సో నడుపుతారు, లాగిన్ అక్కర్లేదు. అమెరికా సైన్యం రాడార్లు కొలిచిన కక్ష్యలు అందులో ఉంటాయి. కేటలాగ్‌లో ఉపగ్రహం పేరు కొట్టి మూడు అంకెలు చూడండి. భూమికి అతి దగ్గరి ఎత్తు, అంటే పెరిజీ. అతి దూరపు ఎత్తు, అంటే అపోజీ. ఒక చుట్టుకు పట్టే సమయం. ఎన్‌వీఎస్-02 చేరాల్సిన కక్ష్యలో చుట్టుకు దాదాపు 1,436 నిమిషాలు పట్టాలి. బదిలీ కక్ష్యలో 11 గంటల లోపే తిరిగేస్తుంది. వారం గడిచినా ఆ అంకె కదలకపోతే ఇంజిన్ మండలేదన్నమాట.

2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1 ఇంకా తేట ఉదాహరణ. 356 కి.మీ. గుండ్రటి కక్ష్య బదులు 356, 76 కి.మీ. అని వచ్చింది. 76 కి.మీ. అంటే వాతావరణంలోనే. ఆ రెండో అంకె చూడగానే కథ ముగిసిందని తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ప్రయోగమైన రోజు కేటలాగ్‌లో పేర్లుండవు, ‘ఆబ్జెక్ట్ ఏ’, ‘ఆబ్జెక్ట్ బీ’ అనే ఉంటాయి. ఖాళీ రాకెట్ దశను ఉపగ్రహమనుకుని కంగారు పడొద్దు, రెండు మూడు రోజులాగండి. అక్కడి నంబరు చదవడమూ తేలికే. చంద్రయాన్-3ది 2023-098ఏ. ఆ ఏడాది ప్రపంచంలో 98వ ప్రయోగం, అందులో మొదటి వస్తువు అని అర్థం.

‘ఎందుకు పాడైంది’ అన్నదానికి జవాబు మాత్రం తొందరగా రాదు. 2021 ఆగస్టు 12 నాటి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 వైఫల్యానికి ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వు లీకే మూలమని కమిటీ తేల్చింది మరుసటి ఏడాది. ఈలోగా వచ్చిన ‘అసలు కారణాలు’ ఊహలే. పార్లమెంటులో అంతరిక్ష శాఖ రాతపూర్వకంగా ఇచ్చే జవాబులు వెతకండి. పొడిగా ఉంటాయి గానీ ఖర్చులు, గడువులు అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న: తెలుగులోనే చదవాలంటే?
– ఓ పాఠకుడు, వడపళని, చెన్నై

జవాబు: కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ తెలుగు విడుదలలు చదవండి. మిగతా చోట్ల అంకె ఒకటి సరిచూసుకోండి. భూమికి దగ్గరి కక్ష్యలో వేగం సెకనుకు దాదాపు 7.5 కి.మీ., అంటే గంటకు 27 వేలు. ‘గంటకు 7.5 కి.మీ.’ అని రాశారంటే ఆ వార్త రాసినవారు మిగతాదీ చూసుకోలేదనే లెక్క. సైకిలు కూడా అంతకన్నా వేగంగానే పోతుంది!

ప్రశ్న: ఇస్రో కాకుండా బయటివాళ్ళలో ఎవర్ని చదవాలి సార్?
– ఓ విద్యార్థి, గిండీ, చెన్నై

జవాబు: ఒక్కొక్కరిది ఒక్కో బలం. డబ్బు, ఒప్పందాలు, విధానాలకు స్పేస్‌న్యూస్. చైనా గురించైతే అందులోనే ఆండ్రూ జోన్స్. స్పేస్‌ఎక్స్, నాసా లోగుట్టుకు ఆర్స్ టెక్నికాలో ఎరిక్ బెర్గర్. రష్యాకు అనతోలీ జాక్ నడిపే రష్యన్‌స్పేస్‌వెబ్. చంద్రుడి ప్రయోగాలకు జతన్ మెహతా రాసే మూన్ మండే. నాసాస్పేస్‌ఫ్లైట్ డాట్ కామ్ పేరులో నాసా ఉంది గానీ అది ప్రైవేటు సైటు, నాసా మాటగా ఉటంకించకు. ఏ దేశానిదైనా ఎన్ని ముక్కలు కక్ష్యలోకి వెళ్ళాయో లెక్క కావాలంటే ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డవెల్ రిపోర్టు. ఏ పార్టీకీ చప్పట్లు కొట్టని మనిషి.

నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్ పేజీ తెరిస్తే గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెరా యాంటెన్నాలు ఈ క్షణాన ఏ నౌకతో మాట్లాడుతున్నాయో కనిపిస్తుంది. చంద్రయాన్-3కీ ఆ సాయం తీసుకున్నారు. కానీ బెంగళూరు దగ్గరి మన బ్యాలాలు యాంటెన్నా ఆ పేజీలో ఉండదు. అక్కడ కనిపించలేదని ‘సంబంధాలు తెగిపోయాయి’ అని రాసేయకూడదు.

అసలు డేటా దాకా వెళ్ళడం నేర్చుకుంటే వార్త కోసం కాచుకోనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలాక, చంద్రుడి చుట్టూ తిరిగే తన ఎల్‌ఆర్‌ఓ నౌక చిత్రాలను నాసా అందరికీ పెట్టింది. వాటిని పాతవాటితో పోల్చి, కూలిన చోటుకు వాయవ్యంగా దాదాపు 750 మీటర్ల దూరంలో మొదటి శకలం పట్టింది మీ చెన్నై ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్. నాసా డిసెంబరులో ధ్రువీకరించింది. ఆ చిత్రాలు ఇప్పటికీ ఉచితమే. ఒకే చోటువి, ముందూ తర్వాతవీ, సూర్యకాంతి దాదాపు ఒకే కోణంలో పడ్డవి రెండు ఎంచుకుని మొదలుపెట్టు. కోణం మారితే నీడలు మారి ప్రతి గుంటా శకలంలాగే కనిపిస్తుంది.