ఫైబర్ కేబుల్ నీళ్లలో తడిస్తే పాడవుతుందా?

వెంటనే పాడవదు. ఫైబర్ అంటే సన్నటి గాజు పోగు, అందులో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు. కాబట్టి రాగి తీగలా షార్ట్ అవ్వదు. అలాగని నీళ్లకు వదిలేయకూడదు. గాజు మీద కంటికి కనిపించని గీతలుంటాయి. కేబుల్ బాగా వంగి, లాగినట్టు ఉన్నచోట తేమ చేరితే అవి మెల్లగా పగుళ్లవుతాయి. గడ్డకట్టే చలిలో లోపలి నీరు ఉబ్బి ఫైబర్‌ను నొక్కితే సిగ్నల్ పడిపోతుంది.

ఆరుబయట వేసే కేబుల్‌ను కోసి చూస్తే, నల్లటి పాలిథిలిన్ తొడుగు కింద చాలావరకు నీరు తగలగానే ఉబ్బి దారి మూసేసే టేపో, సన్న గొట్టాల్లో వేళ్లకు జిగటగా అంటుకునే జెల్లో కనిపిస్తుంది. ఇంటి లోపల వాడే మామూలు కేబుల్‌కు ఈ రక్షణ ఉండదు, దాన్ని బయట వేయకండి.

అసలు టెన్షన్ పడాల్సింది జాయింట్ల దగ్గర. జాయింట్‌ను కప్పే బాక్సు మూతకు రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి కేబుల్ వేసినా లాభం లేదు. నీళ్లు నిలిచే చోటైతే ఐపీ68 రేటింగ్ (నీళ్లలో మునిగినా లోపలికి తడి రానివ్వదని చెప్పే గుర్తు) ఉన్న బాక్సే పెట్టండి.