నార్సిసిస్టు (తానే గొప్ప, అందరూ తననే మెచ్చుకోవాలి అనుకునే మనిషి) లక్షణాలున్నవాళ్లు తమ గురించి తాము నిజంగా ఏమనుకుంటారు? లోపల ఆత్మన్యూనత ఉంటుందా?

మీ అన్నయ్య గురించి మీరు రాసింది మొత్తం చదివాను. "పైకి గొప్పలు పోతాడే గానీ, లోపల తన మీద తనకు నమ్మకం లేదు, మీరే సర్దుకుపోవాలి" అని ఇంట్లో అందరూ అంటున్నారు, అది నిజమేనా అని అడిగారు. కొందరి విషయంలో నిజమే. చాలామంది విషయంలో మాత్రం కాదు. ఇద్దరు మనుషులను దగ్గరగా చూశాక, తర్వాత కొంత చదివాక ఈ మాట అంటున్నాను.

మొదటి మనిషి కొన్నేళ్లు మా టీమ్ లీడ్. ఎవరి పని బాగా వచ్చినా అసలు ఆలోచన తనదేననేవారు. మీటింగులో ఆయన లెక్క తప్పని ఎవరైనా చూపిస్తే, ఆ తర్వాత ఆ మనిషికి మంచి పని దక్కేది కాదు. ఆయన మనసులో ఏదో పాత గాయం ఉండుంటుందని మేమంతా చెప్పుకునేవాళ్లం. ఒకరోజు ఆయన మాటలకు ఒక జూనియర్ అమ్మాయి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. నేను ఉండబట్టలేక, ఇలా మాట్లాడితే ఎలా సర్ అని అడిగాను. ఆయన ఏమాత్రం తడబడకుండా, "నేను మంచివాణ్ణని నీతో ఎప్పుడైనా అన్నానా? ఇక్కడ నా అంత బుర్ర ఎవరికీ లేదన్నాను, అంతే" అన్నారు.

ఆయన తనను తాను చూసుకునే తీరంతా ఆ మాటలోనే ఉంది. కాంప్‌బెల్, రూడిచ్, సెడికిడెస్ అనే పరిశోధకులు 2002లో దాదాపు ఇదే చూపించారు. నార్సిసిజం ఎక్కువున్నవాళ్లు తెలివిలో, చొరవలో తాము సగటు మనిషి కంటే పైన ఉన్నామనుకుంటారు. నీతి, ఎదుటివాళ్లతో సర్దుకుని మెలగడం లాంటి వాటిలో అలా అనుకోరు. ఆత్మగౌరవం బాగా ఉన్నవాళ్లు రెండు రకాల గుణాల్లోనూ తమను మెరుగ్గానే చూసుకుంటారు. తేడా ఇంకొకటి ఉంది: తమ ప్రేమ భాగస్వామి కంటే కూడా తామే మేలనుకోవడం. నార్సిసిస్టుల్లో ఇది కనిపించింది, ఆత్మగౌరవం ఉన్నవాళ్లలో కనిపించలేదు. అందుకే "వాడికి సెల్ఫ్ కాన్ఫిడెన్స్ ఎక్కువ" అని ఇలాంటివాళ్లను వెనకేసుకొస్తే నాకు కోపమొస్తుంది. రెండూ ఒకటి కాదు.

మరి లోపల? కాంప్‌బెల్ బృందమే 2007లో, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా మనసులోని భావాన్ని పట్టే పరీక్షలతో దీన్ని చూసింది. సామర్థ్యం విషయంలో వాళ్లకు లోపల కూడా తమ మీద మంచి అభిప్రాయమే ఉంది. ప్రేమ, దయ లాంటి వాటిలో అటూ ఇటూ కాకుండా ఉంది. తమను తాము అసహ్యించుకుంటున్న జాడ అందులో దొరకలేదు. ఎదుటివాళ్లు తమను ఏమనుకుంటున్నారో వాళ్లకు తెలియదని మనం అనుకోవడం కూడా పొరపాటే. తాము తమను చూసుకున్నంత గొప్పగా ఇతరులు చూడరని వాళ్లకు తెలుసని 2011లో కార్ల్‌సన్, వజీర్, ఓల్ట్‌మన్స్ రాశారు. మా లీడ్ అయితే "సరుకున్నవాడు అందరికీ నచ్చడు" అని బాహాటంగానే అనేవారు.

రెండో మనిషి నా స్నేహితురాలు. నెమ్మదస్తురాలు, గొప్పలు చెప్పుకోదు. కానీ తన పని ఎవరూ గమనించకపోతే రోజుల తరబడి ముభావంగా ఉంటుంది, చిన్న సూచన చేసినా అవమానంగా తీసుకుంటుంది. తను మామూలు మనిషి కాదని, లోకమే గుర్తించలేదని గట్టి నమ్మకం. ఆ పక్కనే విపరీతమైన సిగ్గు, దిగులు. పాల్ వింక్ అనే మనస్తత్వవేత్త 1991లో నార్సిసిజానికి రెండు ముఖాలున్నాయని (పైకి గొప్పలు పోయేది ఒకటి, లోలోపల నొచ్చుకునేది ఇంకొకటి) రాసింది ఇందుకే. మీ వాళ్లు చెప్పే అభద్రత ఈ రెండో రకంలో నిజంగానే ఉంటుంది. ఒకే మనిషిలో రెండూ మారి మారి కనిపించడమూ ఉంది.

చిన్నప్పుడు ప్రేమ సరిపోలేదేమోనని మీ అమ్మగారు బాధపడుతున్నారన్నారు. నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లల మీద జరిగి 2015లో వచ్చిన అధ్యయనంలో, ప్రేమ కొరవడటానికీ నార్సిసిజానికీ సంబంధం కనబడలేదు. "మా వాడు మిగతా పిల్లల కంటే ప్రత్యేకం" అన్న తల్లిదండ్రుల భావనతోనే సంబంధం కనబడింది. ఆప్యాయత వల్ల పెరిగింది ఆత్మగౌరవం. దయచేసి దీన్ని కూడా ఆవిడ మీద కొత్త నిందగా మార్చకండి. పుట్టుకతో వచ్చే స్వభావానికీ ఇందులో పెద్ద వాటా ఉంది.

మీ అన్నయ్యది ఏ రకమో నేను చెప్పలేను. లక్షణాలుండటం వేరు, జబ్బు వేరు. మానసిక జబ్బుల నిర్ధారణకు వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకం ప్రకారం, జబ్బు అనాలంటే 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, దాన్ని నిర్ధారించాల్సింది మానసిక వైద్యులు. కానీ మీరు సర్దుకుపోవాలా వద్దా అన్నది ఆయన లోపల ఏముందన్న దాని మీద ఆధారపడనక్కర్లేదు. "నువ్వు మమ్మల్ని బాధపెడుతున్నావు" అని ఇన్నాళ్లూ అని చూశారు కదా, మంచివాడు అనిపించుకోవాలన్న పట్టింపు లేని మనిషికి అది పెద్దగా తగలదు. ఏ మాట అంటే మీరు గదిలోంచి లేచి వెళ్లిపోతారో ముందే చెప్పండి, అన్నప్పుడు లేచి వెళ్లండి. మా లీడ్ దగ్గర నాకు పనికొచ్చింది అదొక్కటే.