ఆ ఆదివారం గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. ట్రినిడాడ్ అండ్ టొబాగో ఫుట్‌బాల్ జట్టు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. క్రికెట్‌లో వెస్టిండీస్ అనే ఉమ్మడి జట్టులో కలిసిపోయే ఆ దేశం ఫుట్‌బాల్‌లో తన సొంత పేరుతో ఆడుతుందని, లారాను మాత్రమే ఎరిగిన మన పాఠకుడికి విడమరచి చెప్పిన పేరా బాగుంది. అయితే ఈ ఉత్తరం రాయించింది నాలుగో పేజీలోని ఒక వాక్యం. '1989లో త్రుటిలో చేజారిన అవకాశాన్ని ఈ చిన్న దేశం 2006లో అద్భుతంగా అందుకుంది' అన్నావు. ఆ వాక్యం చదివి చాలా బాధపడ్డాను.

1989 నవంబరు 19, ఆదివారం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ జాతీయ స్టేడియంలో నేల ఈనినట్టు ఎర్ర చొక్కాల జనం. ఇటలీ ప్రపంచకప్‌కు వెళ్లడానికి ట్రినిడాడ్ జట్టు అమెరికాతో డ్రా చేసుకున్నా సరిపోయేది. మొదటి అర్ధభాగంలో అమెరికా ఆటగాడు పాల్ కలిజూరి చాలా దూరం నుంచి ఎడమకాలితో కొట్టిన బంతి ట్రినిడాడ్ గోల్‌కీపర్ మైకేల్ మారిస్‌ను దాటి వలలో పడింది. ఆ ఒక్క గోల్‌తోనే అంతా అయిపోయింది. తరువాత స్టాండ్స్‌లోని జనం ఎలా ఉన్నారో నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అంతటి దుఃఖంలోనూ వాళ్లు చూపిన సంయమనానికి ఫిఫా ఆ ఏడాది ఫెయిర్ ప్లే పురస్కారాన్ని ఆ ప్రేక్షకులకే ఇచ్చింది. ఒక జట్టు చరిత్రకు ఇంతకన్నా మంచి మొదటి పేజీ ఉంటుందని నేను అనుకోను.

ఆ వారం నేను ఒక పత్రికలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. కరాచీలో సచిన్ మొదటి టెస్టు నడుస్తోంది. ఏజెన్సీ వార్త చూసి, ఆ ఎర్ర చొక్కాల జనం గురించి మూడు పేరాలు రాసి ఇచ్చాను. మా డెస్క్ పెద్దాయన వాటిని కొట్టేసి, స్కోరు ఒక్కటీ ఒక వాక్యంలో ఉంచి, ఓడినవాళ్ల కథ ఎవరు చదువుతారని అడిగారు. అప్పుడు నేను కొత్తవాణ్ణి, ఎదురు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ కోపం నాకు తగ్గలేదు. నీ వ్యాసంలో మళ్లీ ఆ ఒక్క వాక్యమే ఎదురైంది. నిన్ను ఎవరూ కొట్టెయ్యమనలేదు, నీ అంతట నువ్వే కొట్టేశావు.

'అద్భుతం' అనే మాటను ఈ వ్యాసంలోంచి పూర్తిగా తీసెయ్యి. ఏ కారణమూ తెలియనప్పుడు వాడే మాట అది. ఇక్కడ కారణాలున్నాయి, వాటికి మనుషుల పేర్లూ ఉన్నాయి. 1973 డిసెంబరులో హైతీలోని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో జరిగిన అర్హత టోర్నీలో ఆతిథ్య జట్టు మీద ట్రినిడాడ్ కొట్టిన నాలుగు గోల్స్ చెల్లవని రెఫరీ తోసిపుచ్చాడు. జట్టు 2–1తో ఓడింది. తరువాత మెక్సికోను 4–0తో చిత్తు చేసినా రెండో స్థానమే దక్కింది, ప్రపంచకప్‌కు హైతీ వెళ్లింది. ఆ జట్టులో ఆడిన ఎవరాల్డ్ 'గ్యాలీ' కమింగ్సే 1989లో కోచ్. ఒకే మనిషి ప్రపంచకప్ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆయన తయారుచేసిన కుర్రాళ్లలో డ్వైట్ యార్క్, రసెల్ లాటపీ ఉన్నారు. 2005 నవంబరు 16న బహ్రెయిన్‌లో యార్క్ కొట్టిన కార్నర్ కిక్‌ను డెనిస్ లారెన్స్ తలతో గోల్‌లోకి పంపడంతో దేశానికి మొదటిసారి ప్రపంచకప్‌లో ఆడే అవకాశం దక్కింది. 2006లో జర్మనీలో జరిగిన ఆ ప్రపంచకప్‌లో యార్క్ కెప్టెన్. స్వీడన్‌తో మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో గోల్‌కీపర్ కెల్విన్ జాక్ గాయపడితే, అప్పటికప్పుడు గోల్ ముందు నిలబడిన షాకా హిస్లాప్, రెండో అర్ధభాగం మొదట్లోనే జట్టు పదిమందికి పడిపోయినా, ఒక్క గోల్ కూడా వదలలేదు. ముప్పై ఏడేళ్ల లాటపీ పరాగ్వేతో ఆడిన చివరి మ్యాచ్‌లో మైదానంలోకి దిగాడు. 1989లో ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడాయన. ఈ రెండు వయసుల మధ్య గడిచిన కాలమంతా నీ వ్యాసంలో కనిపించాలి.

ట్రినిడాడ్‌లోని కూవాలో 2017 అక్టోబరు 10న జరిగిన మ్యాచ్‌ను నువ్వు ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. ఈసారి డ్రా చాలని వచ్చింది అమెరికా. ట్రినిడాడ్‌కు అప్పటికే అర్హత అవకాశం లేదు. అయినా 2–1తో గెలిచింది, రష్యా ప్రపంచకప్‌కు అమెరికా వెళ్లలేకపోయింది. ట్రినిడాడ్ కోచ్ ఎవరో చూడు: బహ్రెయిన్‌లో గోల్ కొట్టిన డెనిస్ లారెన్స్.

నాలుగో పేజీ నుంచి మళ్లీ రాయి. ఆదివారం మధ్యాహ్నం స్టేడియంలో కూర్చున్నవాళ్లతో మొదలుపెట్టి, కమింగ్స్‌ను వెంటబెట్టుకుని 1973కు వెళ్లు. స్కోర్ల పట్టిక తీసెయ్యి. సంక్రాంతి లోపల పంపితే, పండక్కి ఇంట్లోనే ఉంటాను, తీరిగ్గా చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి